ఆదివారం గడి

యాకుత్‌పురా,
జనవరి 11

చెల్లె స్వరూపకు,

దేవుని దయవల్ల మీ వదినా నేనూ క్షేమం. నా చెవుల సంగతి మాత్రం అడగకు. అవి ఇక బాగుపడవని వాటికి ఒక నమస్కారం పెట్టేశాను.

నువ్వు మీ వదిన మాణిక్యమ్మ ఫోనుకు చేసి చెప్పినవన్నీ నాకు చేరాయనుకోకు. ఆమె నోటి మీదుగా వచ్చేసరికి సగం మాట వంటింట్లోనే ఆగిపోతుంది. నాకు చేరినవి మూడే సంగతులు. కీర్తిప్రియ పేరు చనిపోయినవాళ్ళిచ్చే కిడ్నీ కోసం జాబితాలో ఎక్కింది. ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేసిన మరుక్షణం మీరు పట్నం బయలుదేరాలి. నువ్వు కారు కొన్నావు. మొదటి రెండింటికీ మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. మూడోదానికి కోపం వచ్చి కాగితం తీశాను. ఇకమీదట ఏదున్నా నాకు కాగితం మీదే రాయి.

కారు వద్దు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ పట్నంలో సిటీ బస్సు తోలినవాణ్ణి చెబుతున్నాను. జడ్చర్ల నుంచి ఆరాంఘర్ దాకా రాణిలా వస్తావు. ఆ తర్వాత మొదలవుతుంది నీ కథ. చాంద్రాయణగుట్ట దగ్గర అరగంట, సంతోష్‌నగర్ దగ్గర ఇంకో అరగంట, మధ్యలో పెళ్ళి బరాత్ ఎదురైతే ఇక లెక్క లేదు. ఎడమ పక్క ఆటో, కుడి పక్క తోపుడు బండి, ఎదురుగా బర్రెల మంద. నువ్వు నిన్నగాక మొన్న డ్రైవింగు నేర్చుకున్నదానివి.

రైలెక్కు. మీ ఊరి పట్టాలు మా రైల్వే గేటు మీదుగా నేరుగా మలక్‌పేట పోతాయి. ఆ స్టేషన్లో దిగితే ఆస్పత్రికి నడిచిపోవచ్చు. ఆ రైళ్ళ వేళలు నాకు కంఠతా వచ్చు. ఎందుకంటే అన్నేళ్ళూ గేటు దగ్గర బస్సు ఆపుకుని వాటికి దారి ఇచ్చింది నేనే.

దీనితో ఒక చార్టు పంపుతున్నాను. డిపోలో మాకు డ్యూటీ చార్టు ఇచ్చేవాళ్ళు చూడు, అలా గళ్ళు గీశాను. ఎడమ పక్క ఫోన్ వచ్చిన గంట. దానికెదురుగా ఏ రైలు, అది దొరకకపోతే ఏ బస్సు, ఎక్కడ దిగాలి. గోడకు అంటించు.

మీ అన్న
డానియేలు


జడ్చర్ల,
జనవరి 19

అన్నకు, వదినకు వందనాలు.

చార్టు అందింది. కీర్తి దాన్ని చూసి, "మామ రైల్వే మంత్రి అయిండు పో" అని నవ్వింది. దాని నవ్వు చూసి చాలా రోజులైంది. ఆ ఘనత నీదే.

ఇక నా మాట కూడా విను. వారానికి మూడు రోజులు దాన్ని డయాలసిస్‌కు మహబూబ్‌నగర్ తీసుకుపోతాను. నాలుగు గంటలు రక్తం శుద్ధి చేసి పంపితే, తిరుగు బస్సులో కళ్ళు తిరిగి రెండుసార్లు పడింది. పందొమ్మిదేళ్ళ పిల్ల నా భుజం మీద వాలి వాంతి చేసుకుంటుంటే సీటివ్వడానికి ఒక్కరూ లేవలేదు. వాళ్ళ నాన్న ఉంటే బండి మీద తీసుకుపోయేవాడు. ఆయన పోయి నాలుగేళ్ళు. అందుకే పాత కారు కొని నేర్చుకున్నాను, షోకు కోసం కాదు.

మీ ఇంటికే వచ్చి ఉండమన్నావట. ఇక్కడి డయాలసిస్ మంచం వదిలితే మళ్ళీ దొరకదు. అక్కడ ఎన్ని నెలలకు దొరుకుతుందో ఎవరూ చెప్పడం లేదు. మీ రెండో అంతస్తు నిలువు మెట్లు అది ఎక్కలేదు.

నా కిడ్నీ దానికి సరిపడదు కాబట్టి ఈ జాబితా ఒక్కటే దారి. ఆస్పత్రివాళ్ళ నిబంధన ఇది. ఫోన్ వచ్చిన మూడు గంటల్లో అక్కడ ఉండాలి. ఒక కిడ్నీకి ఇద్దరిని పిలుస్తారట. మొదటి పేరు వాళ్ళు వేళకు రాకపోతే రెండో పేరుకు ఇచ్చేస్తారు. మన పేరు జాబితాలో ఉంటుంది గానీ ఆ కిడ్నీ పోతుంది. కారులో రెండు గంటలు. రైలులోనూ రెండే, కానీ దానికోసం కాచుకోవాలి. ఇప్పుడు చెప్పు, కారు ఎందుకు వద్దు? కారుంటే నా చేతిలో ఏదో ఉన్నట్టు ధైర్యంగా ఉంటుంది.

నీ చెల్లె
స్వరూప


యాకుత్‌పురా,
ఫిబ్రవరి 1

చెల్లెకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చేతిలో ఏదో ఉన్నట్టుంటుంది అన్నావు. నా భయమే అది. స్టీరింగు చేతిలో ఉంటే దారి కూడా మన చేతిలో ఉందనుకుంటాం. దారి ముందున్నవాడి చేతిలో ఉంటుంది. వాడెలాంటివాడో నీకు తెలియదు. తాగి ఉండొచ్చు, ఫోనులో మునిగి ఉండొచ్చు. నువ్వు వెనక నుంచి ఎంత హారన్ కొట్టినా వాడు కదలకపోవచ్చు. దానికి ఏ కారణమైనా ఉండొచ్చు. ఆ సంగతి వదిలెయ్.

రైలుకు అడ్డంగా ఎవడూ ఉండడు. గేటు వేసి మరీ దారి ఇస్తారు.

ఒట్టు పెట్టకూడదని వాక్యం చెబుతోంది. అయినా అడుగుతున్నాను, కీర్తి తల మీద చెయ్యి పెట్టి నాకు మాట ఇవ్వు. కారులో పట్నం రానని. ఒక్కదానివి ఆ రోడ్ల మీద, వెనక సీట్లో దాన్ని పడుకోబెట్టుకుని నువ్వు హారన్ కొడుతున్నట్టు నాకు కలలు వస్తున్నాయి. నిద్ర పట్టడం లేదు. మీ వదిన తిడుతోంది.

డానియేలు


జడ్చర్ల,
ఫిబ్రవరి 10

అన్నకు,

సరే. మాట ఇచ్చాను. కీర్తి తల మీద చెయ్యి పెడితే అది, "ఏందమ్మా గీ లొల్లి" అంది.

నాన్న పోయాక నా చదువు, పెళ్ళి, ఉద్యోగం అన్నీ నీ మాట మీదే నడిచాయి. ఇదీ అంతే. చార్టు బియ్యం డబ్బా పైన గోడకు అంటించాను. కారు తాళం దాని పక్కనే మేకుకు ఉంటుంది, మహబూబ్‌నగర్ పోవడానికి మాత్రమే. సంచి సర్దిపెట్టాను. కీర్తి నీ చార్టును ఎక్కంలా అప్పజెబుతోంది.

స్వరూప


జడ్చర్ల,
మార్చి 25

డానియేలన్నకు,

మొన్న ఆదివారం పొద్దున పది గంటలకు ఫోన్ వచ్చింది. "కీర్తిప్రియ మదరా? ఫస్ట్ పేరు మీదే. ఒంటి గంటకల్లా ఇక్కడ ఉండాలె" అన్నారు. వదిన ఫోనుకు చేశాను. ఎత్తలేదు. మీరు చర్చిలో ఉన్నారు.

కీర్తి నాకంటే ముందు చెప్పులేసుకుని పోయి కారు పక్కన నిలబడింది. "అమ్మా, గిట్లనే పోదాం. కూసో" అంది. తాళం నా చేతిలోనే ఉంది. నేను గోడ వైపు చూశాను. పది గంటల గడికి ఎదురుగా నీ గుండ్రటి అక్షరాలు. పది నలభై లోకల్, మలక్‌పేటలో పన్నెండున్నర. అరగంట మిగులుతుంది కూడా. "మామకు మాట ఇచ్చిన బిడ్డా" అని తాళం తీసుకెళ్ళి మేకుకు తగిలించాను. ఈ చేత్తోనే తగిలించాను.

పదిన్నరకు స్టేషన్లో ఉన్నాం. పది నలభై అయింది. పది యాభై ఐదు. రైలు కాస్త ఆలస్యమై ఉంటుందనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. ఎవరూ ఎందుకు లేరు అని ఆలోచించే తెలివి కూడా నాకు లేకపోయింది. పదకొండుంబావుకు టిక్కెట్ల కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా మొహం చూసి జాలిపడ్డాడు. "గా లోకలా? ఆదివారం ఉండదమ్మా. ఎన్నడు లేదు" అన్నాడు.

ఆటోలో ఇంటికి వచ్చి, తాళం తీసి, కారు తోలాను. ఇంట్లోంచి కదిలేసరికి పదకొండు నలభై. ఎలా తోలానో నాకు గుర్తు లేదు. చాంద్రాయణగుట్ట దగ్గర నలభై నిమిషాలు నిలిచిపోయాం. కీర్తి వాంతులకని ఒడిలో కవరు పట్టుకుని కూర్చుంది. ఆస్పత్రి మెట్లెక్కేసరికి రెండుంబావు.

మాదన్నపేటలో పాలమ్ముకునే పెంటయ్య అట. వాళ్ళది రెండో పేరు. షేరింగ్ ఆటోలో పావుగంటలో వచ్చి పొద్దున్నుంచీ కూర్చున్నారు. అప్పటికే అతని భార్యను లోపలికి తీసుకుపోయారు. అతను నా దగ్గరికి వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. "అక్కా, మాఫ్ చెయ్యి. మేమేం చెయ్యలే. పిలిస్తే వచ్చినం, గంతే" అన్నాడు. నాకు అతన్ని కొట్టాలనిపించింది. అతని తప్పు రవ్వంత కూడా లేదు. అందుకే కొట్టాలనిపించింది.

దారి పొడుగునా ఆలోచిస్తూ వచ్చాను, నీకిది ఎలా తెలియకుండా పోయిందని. ఇంటికి వచ్చాక అర్థమైంది. ముప్పై ఒక్క ఏళ్ళలో నువ్వు ఆదివారం డ్యూటీ చెయ్యలేదు అన్నా. తోటి డ్రైవర్ల దసరా, రంజాన్ డ్యూటీలన్నీ నెత్తిన వేసుకుని, బదులుగా ఆదివారాలు చర్చికి మిగుల్చుకునేవాడివి. డానియేలు భక్తి అంటే భక్తి అని ఊరంతా మెచ్చుకునేది. ఆదివారం ఆ గేటు పడుతుందో లేదో నువ్వు ఒక్కసారీ చూడలేదు. ఏడు రోజులూ ఒకటేనని రాసి పంపావు. నేను గోడకు అంటించాను.

ఇక నాకు రాయకు.

స్వరూప


యాకుత్‌పురా,
మార్చి 31

స్వరూపా,

రాయవద్దన్నావు. రాయకుండా ఉండలేను.

నిన్న ఆదివారం చర్చికి పోలేదు. మీ వదిన ఎంత పిలిచినా కదలలేదు. పదకొండున్నర నుంచి గేటు దగ్గర నిలబడ్డాను. పన్నెండు దాటింది. గేటు పడలేదు. పన్నెండున్నర అయింది, పడలేదు. జామకాయల బండి అతణ్ణి అడిగాను. "ఆజ్ ఇత్వార్ హై చాచా" అన్నాడు. ఈ రోజు ఆదివారం అంటున్నాడని అతని పెదాలు చూసి తెలుసుకున్నాను. ఆ ఒక్క మాట ముప్పై ఏళ్ళలో ఎవరిని అడిగినా చెప్పేవారు. నేను అడగలేదు.

తప్పు నాదే. కీర్తికి చెప్పు. కాదు, ఏమీ చెప్పకు. అది ఎలా ఉంది? ఒక్క ముక్క రాయి చాలు. తిట్టినా సరే.

డానియేలు


యాకుత్‌పురా,
ఏప్రిల్ 21

చెల్లెకు,

నీ నుంచి ఉత్తరం లేదు. వదినకు ఫోనులో "బాగనే ఉంది" అని మాత్రం చెప్పి పెట్టేస్తున్నావట. ఎలా బాగుందో నాకు తెలుసు.

నిన్న ఈస్టర్. చర్చిలో అందరూ లేచి నిలబడి పాడుతుంటే నేను కూర్చుండిపోయాను. నీకు చెప్పాల్సింది ఒకటి కడుపులో పెట్టుకుని దేవుడి ముందు పాడలేకపోయాను. అది ఈ రోజు రాస్తున్నాను. కారు ఎందుకు వద్దని నువ్వు అడిగావు. నేను ట్రాఫిక్ అన్నాను, బర్రెలన్నాను. అవేవీ కారణం కాదు.

నా చెవులు రిటైరయ్యాక పోలేదు. ఉద్యోగంలో ఉండగానే పోయాయి. ఇంజను డ్రైవరు పక్కనే ఉండే పాత బస్సులు మావి. రోజుకు పదహారు గంటలు ఆ మోత. చివరి మూడేళ్ళు నాకు కండక్టరు విజిల్ కూడా సరిగ్గా వినబడేది కాదు. అద్దంలో అతని చెయ్యి చూసి కదిలేవాణ్ణి. ఏటా వైద్య పరీక్షలో డాక్టరు పెదాలు చదివి జవాబులు చెప్పేవాణ్ణి. ఉద్యోగం పోతుందని భయం. ఎవరికీ చెప్పలేదు, మీ వదినకు కూడా.

ఒక రోజు సాయంత్రం డబీర్‌పురా దగ్గర రోడ్డు మధ్యలో బస్సు నిలిపి జనాన్ని ఎక్కించుకుంటున్నాను. అంబులెన్సు నా వెనకే ఉంది. నాకు వినబడలేదు. ఆ రోజు నా అద్దం మీద ఎవరో సంచి తగిలించారు, ఎర్ర దీపమూ కనబడలేదు. లోపల జనం అరిచారట. వాళ్ళు ఎప్పుడూ అరుస్తూనే ఉంటారు. ఎంతసేపని అడగకు, ఏడెనిమిది నిమిషాలన్నారు. చివరికి అంబులెన్సు డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చి నా తలుపు గుద్దాడు. చిన్నవాడు. అతని నోరు కదులుతోంది, నాకు ఒక్క ముక్క అందడం లేదు. నా మొహం చూసి అతనికి అర్థమైంది. చేత్తో చెవి చూపించి, వేలు అడ్డంగా ఊపాడు. వినబడదా అని. నేను తల ఊపాను. అతను అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. అప్పుడు వెనక్కి చూశాను. అంబులెన్సులో దీపం ఆర్పేశారు.

లోపల ఉన్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మరుసటి వారం రాజీనామా ఇచ్చాను. మీ అందరికీ మోకాళ్ళ నొప్పి అని చెప్పాను.

అందుకే నువ్వు కారులో వస్తానంటే నాకు నువ్వు కనబడలేదు. నీ ముందు ఆగిన బస్సులో నేను కనబడ్డాను. నా భయానికి నీ బిడ్డను బలిపెట్టాను. క్షమించమని అడగడం లేదు. తెలియాలని రాశాను.

డానియేలు


జడ్చర్ల,
మే 9

అన్నా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మొదటి నాలుగు రోజులు నిన్ను ఇంకా ఎక్కువ అసహ్యించుకున్నాను. దాచను.

కీర్తి సంగతి. సూదులు గుచ్చే చేతి నరం మూసుకుపోయింది. ఇప్పుడు మెడ దగ్గర గొట్టం పెట్టి చేస్తున్నారు. దానికి చీము పట్టింది, జ్వరం. బరువు ముప్పై ఏడు కిలోలు. రోజుకు మూడు గ్లాసుల నీళ్ళు, అంతే. ఒంటికి పోవడం ఆగిపోయి ఏడాది దాటింది, తాగిందంతా ఒంట్లోనే నిలుస్తుంది. ఈ ఎండల్లో అది కుండ వైపు చూసే చూపు నేను చూడలేకపోతున్నాను. మొన్న, "అమ్మా, ఇగ ఫోన్ రాకున్నా మంచిదే. నువ్వు మస్తు అలసిపోయినవ్" అంది. బయటికి పోయి కారులో కూర్చుని, అద్దాలెక్కించుకుని అరిచాను. వర్షాకాలం దాటుతుందా అని అడిగితే డాక్టరు దేవుణ్ణి తలచుకోమన్నాడు.

ఇప్పుడు నా సంగతి. నువ్వు దాచింది చెప్పావు కాబట్టి చెబుతున్నాను. నవంబరులో ఒక్కదాన్నే కారులో పట్నం వచ్చి చూద్దామని బయలుదేరాను. ఆరాంఘర్ దగ్గర బండి ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు. ఒకడు దిగి వచ్చి, "ఇంట్ల కూసొని అన్నం వండుకోరాదు" అన్నాడు. పక్కకు తోయించుకుని, గంట ఏడ్చి, వెనక్కి తిరిగి వచ్చేశాను. నీకు చెప్పలేదు. ఆ తర్వాత నీ చార్టు వచ్చింది. కారు వద్దని నువ్వు అంటుంటే పైకి వాదించాను గానీ లోపల హమ్మయ్య అనుకున్నాను అన్నా. ఆ ఆదివారం తాళం మేకుకు తగిలించింది నీ మాట ఒక్కటే కాదు. నా భయం కూడా.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. కానీ ఇంకోసారి ఫోన్ వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు. నాకున్నది నువ్వొక్కడివే. చెప్పు.

స్వరూప


యాకుత్‌పురా,
జూన్ 16

చెల్లెకు,

ఆలస్యానికి కోపపడకు. చూడకుండా ఒక్క అక్షరం రాయకూడదనుకున్నాను.

ఈస్టర్ తర్వాత ప్రతి ఆదివారం దారి మీదే ఉన్నాను. ఒక ఆదివారం రైలులో మీ ఊరి స్టేషను దాకా వచ్చి, మీ ఇంటికి రాకుండా తిరిగి వెళ్ళాను. మొహం చెల్లలేదు. ఇంకో వారం బస్సు. ఇంకో వారం ఆటోలో. జేబులో పుస్తకం, చేతిలో గడియారం. పాస్టరుగారు ఇంటికి వచ్చి ఏమైందని అడిగారు. కాగితం మీద రాసి చూపించాను, డ్యూటీలో ఉన్నానని.

తేలింది ఇది. అంతా కారూ తప్పే, అంతా రైలూ తప్పే. జడ్చర్ల నుంచి ఉందానగర్ స్టేషను దాకా కారులో రా. పెద్ద రోడ్డు, గంటా పావు. ఆరాంఘర్ రానే రాదు. స్టేషను పక్కన గోవర్ధన్ అని పంక్చర్ల షాపతను, మా డిపో పాత మెకానిక్కు. తాళం అతనికిచ్చి లోకల్ రైలెక్కు, అక్కణ్ణుంచి ఆదివారం కూడా లోకల్ ఉంది. రైలుకు ఎక్కువ సేపు ఉంటే ఏం చెయ్యాలో కూడా చార్టులో రాశాను. పట్నం లోపలి రోడ్లు మాత్రం నీకు వద్దు. ముఖ్యంగా బోనాల రోజుల్లో.

కొత్త చార్టులో ఆదివారం గడి అన్నిటికంటే ముందు పెట్టాను. అందులో ప్రతి అంకె నా కళ్ళతో చూసింది. అయినా నన్ను నమ్మకు. బయలుదేరే ముందు స్టేషనుకు ఫోన్ చేసి అడుగు. మీ వదిన ఇకమీదట చర్చిలో కూడా ఫోను ఒళ్ళోనే పెట్టుకుంటానంది.

ఆ పాత చార్టు చింపెయ్.

డానియేలు


ఆస్పత్రి, మూడో అంతస్తు,
జూలై 20, మధ్యాహ్నం ఒంటిగంటా పావు

అన్నా,

ఆస్పత్రి గేటు దగ్గరే ఉన్నావా? యాకుత్‌పురాలో నువ్వు రైలెక్కి మా పెట్టె వైపు నడిచి వస్తుంటే కీర్తి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపలికి ఒక్కరినే రానిస్తున్నారు. సిస్టరమ్మ ఈ చీటీ నీకిస్తానంది.

రక్తం తీసుకున్నారు. పొద్దున ఫోనులోనే చెప్పారు కదా, మనది రెండో పేరు. మొదటి పేరు వాళ్ళు కారులో వస్తున్నారట, ఈ బోనాల రద్దీలో ఎక్కడో చిక్కుకున్నారు. రెండు గంటల దాకా చూస్తారట. వాళ్ళు వస్తే మనం ఇంటికే.

నేను ఏమని ప్రార్థన చెయ్యాలి? వాళ్ళు రావద్దనా? ఆ మాట నోట్లోంచి రావడం లేదు. మనసులో మాత్రం అదే తిరుగుతోంది. కీర్తి జ్వరం ఈ మధ్యే తగ్గింది, మళ్ళీ ఎప్పుడు వస్తుందో. ఇది తప్పితే ఇంకోటి రాదు అన్నా, నాకు తెలుసు.

స్వరూప


ఆస్పత్రి గేటు బయట,
అదే రోజు, సాయంత్రం ఐదు

చెల్లెకు,

రెండింటికి కీర్తిని లోపలికి తీసుకుపోయారని సిస్టరమ్మ రాసి చూపించింది. నువ్వు సంతోషంలో ఉన్నావో భయంలో ఉన్నావో, ఇప్పుడు ఇది రాయకూడదు. కానీ దాచి ఒకసారి చూశాను కదా.

రెండింటికి పది నిమిషాల ముందు నీ చీటీ చేరింది. అది చదివి తలెత్తేసరికి, మలుపు దగ్గర ఒక తెల్ల కారు. ముందు బోనాల ఊరేగింపు, డప్పులు, పోతరాజు, వందల మంది ఆడవాళ్ళు. కారు దీపాలు రెండూ వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. ఒకావిడ కిటికీలోంచి సగం బయటికి వచ్చి చేతులు ఊపుతోంది. ఆమె అరుపు నాకు వినబడదు. వెనక సీట్లో ఒక అబ్బాయి పడుకుని ఉన్నాడు. మెడ దగ్గర కీర్తికి ఉన్నట్టే గొట్టం, తెల్ల పట్టీ. వాళ్ళెవరో నాకు తెలిసిపోయింది.

నేను నిలబడిపోయాను స్వరూపా. ఊరేగింపులో డప్పుల వాళ్ళను పక్కకు జరపడం నాకు చిటికెలో పని. ముప్పై ఏళ్ళు చేసిన పనే. అయినా కదలలేదు. కీర్తి మొహమే కళ్ళ ముందు ఉంది. ఎంతసేపో చెప్పలేను. రెండు నిమిషాలు కావచ్చు, ఐదు కావచ్చు. అప్పుడు ఆవిడ నన్ను చూసింది. నోరు కదిలింది. ఆ అంబులెన్సు డ్రైవరు నోరే అది.

పరుగెత్తాను. డప్పులు ఆపించాను, చేతి రుమాలు ఊపి దారి చేయించాను, కారు ముందు నడుచుకుంటూ గేటు దాకా తెచ్చాను. రెండూ ఐదు అయింది.

నేను నిలబడకుండా ఉంటే వాళ్ళు వేళకు చేరేవారేమో. నేను పరుగెత్తకుండా ఉంటే నీ ముందు తప్పు లేనివాణ్ణి అయ్యేవాణ్ణేమో. ఇప్పుడు ఇద్దరి ముందూ తప్పు చేసినవాణ్ణే. గేటు దగ్గరే ఉన్నాను. రమ్మంటే వస్తాను, పొమ్మంటే పోతాను.

డానియేలు


ఆస్పత్రి, మూడో అంతస్తు,
జూలై 21, పొద్దున

అన్నా,

కీర్తికి ఒంటికి వచ్చింది! తెల్లవారేసరికి సంచి నిండా. డాక్టరు సంచి పైకెత్తి చూపించాడు. పదిహేను నెలల తర్వాత. అందరూ చూస్తుండగా ఆ సంచి చూసి ఏడ్చాను. ఇంకా గండాలు ఉన్నాయన్నారు, కానీ కిడ్నీ పనిచేస్తోందన్నారు. అది కళ్ళు తెరిచి మొదట అడిగింది నీళ్ళు. రెండోది, "మామ ఏడి?"

నిన్న నీ చీటీ చదివాను. వాళ్ళకు దారి ఇచ్చావని కోపం వచ్చింది. ముందు నిలబడ్డావని ఇంకో కోపం. ఆ రెండు కోపాలూ ఒకే మనిషి మీద ఎలా వస్తాయో నాకే అర్థం కాలేదు. నువ్వు కింద నిలబడిన ఆ నిమిషాల్లో నేను పైన ఏం కోరుకుంటున్నానో దేవుడికి తెలుసు. నువ్వు చివరికి పరుగెత్తావు. నేను కోరుకుంటూనే ఉన్నాను. నిన్ను పొమ్మనే నోరు నాకు లేదు.

ఆ తెల్ల కారులో వచ్చినామె పేరు చంద్రమ్మ. కింది హాల్లో గోడకు ఆనుకుని కూర్చుంది, కొడుకు ఆమె ఒళ్ళో తల పెట్టి పడుకున్నాడు. నా కాళ్ళు వాటంతటవే అక్కడికి పోయాయి. పెంటయ్య నాకు చెప్పిన మాటే నా నోట వచ్చింది. "మాఫ్ చెయ్యి అక్కా" అన్నాను. ఆమె నన్ను కొట్టాలనుకుందని నాకు తెలుసు. కొట్టలేదు. "ముందుగాల్నే రైలెక్కుతె అయిపోవు గదా చెల్లె. కారైతె జల్ది వస్తదనుకున్నం" అంది.

నా సంచిలో నీ కొత్త చార్టు ఉంది. ఆమె చేతిలో పెట్టేశాను. నాకిక దానితో పని లేదు.

గేటు వాచ్‌మన్‌కు చెప్పాను. పదింటికి నిన్ను అయిదు నిమిషాల కోసం పైకి పంపుతాడు. చేతులు కడుక్కుని రా.

స్వరూప


ఆస్పత్రి గేటు బయట,
జూలై 21, తొమ్మిదిన్నర

చెల్లెకు,

నీ చీటీ చదివి రోడ్డు మీదే కూర్చుని ఏడ్చాను. జనం నన్ను చూసి ఎవరో పోయారనుకున్నారు. ఒకతను టీ తెచ్చి ఇచ్చాడు.

పదింటికి వస్తాను. చేతులు ఇప్పటికే రెండుసార్లు కడుక్కున్నాను. నేను వచ్చే లోపల నువ్వొక పని చెయ్యి. చంద్రమ్మకు చార్టు ఇచ్చావు, మంచిదే. కానీ అది జడ్చర్ల దారి. వాళ్ళ దారి నేను చూడలేదు. చూడకుండా రాసిన చార్టు ఏం చేస్తుందో మనకు తెలుసు.

వాళ్ళు వెళ్ళిపోక ముందే కిందికి పోయి, ఏ ఊరి నుంచి వస్తారో అడుగు. ఊరి పేరు స్పష్టంగా కాగితం మీద రాయించి నాకివ్వు. వచ్చే ఆదివారం పోయి చూసి వస్తాను.

మీ అన్న
డానియేలు